రొయ్యల ఐసుతో ఈ.కోలైలోకి కొత్త జన్యువు

మా డిగ్రీ కాలేజీ ల్యాబులో ఐస్ మెషీన్ లేదు. భీమవరంలో ఆ లోటు పెద్దగా తెలియదు. రొయ్యల లోడులకు ఐసు వేసే ఫ్యాక్టరీకి థర్మోకోల్ పెట్టె పంపితే, నలగ్గొట్టి మరీ నింపి ఇస్తారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలోకి బయటి జన్యువు ఎక్కించే ప్రాక్టికల్‌కు నేను ముందు చూసుకునేది ఆ పెట్టెనే. పిల్లలేమో ఆ జన్యువును మోసుకెళ్లే ప్లాస్మిడ్ (చిన్న గుండ్రటి డీఎన్ఏ) గురించి టెన్షన్ పడుతుంటారు.

డీఎన్ఏకూ కణం పైపొరకూ రెండింటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసేస్తాయి. కాల్షియం మధ్యలో చేరి ఆ తోపుడు తగ్గిస్తుంది. 1970లో మాండెల్, హిగా అనే శాస్త్రవేత్తలు ఈ దారి చూపితే, 1972లో స్టాన్లీ కోహెన్ బృందం అదే పద్ధతిలో ప్లాస్మిడ్‌ను ఎక్కించింది.

రాత్రంతా పెరిగిన డీహెచ్5 ఆల్ఫా అనే ఈ.కోలై రకం కల్చర్‌ను కొత్త ఎల్‌బీ అనే పోషక ద్రావణంలో నూరో వంతు కలిపి, 37 డిగ్రీల దగ్గర షేకర్‌లో పెట్టండి. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) 0.4 రాగానే తీసి ఐసులో పెట్టాలి. ముదిరిన కల్చర్ పనికిరాదు. ఇక్కడి నుంచి ట్యూబు ఐసు దాటి బయటికి రాకూడదు. మే నెలలో మా బల్ల మీద ట్యూబు నిమిషంలో వెచ్చబడుతుంది. సెంట్రిఫ్యూజ్‌కు కూలింగ్ లేకపోతే రోటర్‌ను ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టండి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక కిందికి దిగిన కణాలను చల్లటి 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్‌లో మెల్లగా కలిపి అరగంట ఉంచి, మళ్లీ తిప్పి, కొద్దిపాటి అదే ద్రావణంలోకి తీసుకోండి. గట్టిగా ఊపితే కణాలు చస్తాయి. ఇంకొకటి, ఐసు ఫ్యాక్టరీ నీళ్లు శుభ్రమని ఎవరూ హామీ ఇవ్వరు. మూత తీసే ముందు ట్యూబును స్పిరిట్‌తో తుడవండి.

100 మైక్రోలీటర్ల కణాలకు 10 నానోగ్రాముల ప్లాస్మిడ్ కలిపి మరో అరగంట ఐసులో ఉంచాలి. తర్వాత 42 డిగ్రీల నీళ్లలో 45 సెకన్లు, వెంటనే మళ్లీ ఐసులోకి. వాటర్ బాత్ డయల్‌ను నమ్మకుండా నీళ్లలో థర్మామీటర్ ముంచి చూడండి. కరెంటు పోయి వచ్చిందంటే మళ్లీ చూడాల్సిందే.

ఆంపిసిలిన్ (బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) లేని ఎల్‌బీ పోసి 37 డిగ్రీల దగ్గర గంట ఆగండి. ప్లాస్మిడ్‌లోని జన్యువు నుంచి ఆ మందును తట్టుకునే ప్రోటీన్ తయారవడానికి ఆ గంట కావాలి. ఆ తర్వాతే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ఆంపిసిలిన్ ఉన్న ప్లేటు మీద పరవాలి. ప్లేట్లలో పోసే అగార్ జెల్లీ 50 డిగ్రీలకు దిగాకే ఆంపిసిలిన్ కలపండి, వేడికి అది పాడవుతుంది. ప్లాస్మిడ్ కలపని కణాలను కూడా ఒక ఆంపిసిలిన్ ప్లేటు మీద, ఒక మామూలు ప్లేటు మీద వేయండి. మొదటిది ఖాళీగా, రెండోది నిండా ఉంటేనే మీ ఫలితానికి విలువ. 16 గంటలకు చూసేయండి. ఆలస్యమైతే పెద్ద కాలనీ చుట్టూ బుల్లి కాలనీలు వస్తాయి. అవి ప్లాస్మిడ్ లేనివి, పక్కది మందును విరిచేసింది కాబట్టి బతుకుతున్నాయి.

మార్టేరు స్వర్ణ వరికీ ఇలాగే ఎక్కించవచ్చా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. కుదరదు. మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది. అక్కడ అగ్రోబ్యాక్టీరియం (మొక్క కణాల్లోకి డీఎన్ఏ పంపే బ్యాక్టీరియా) కావాలి, లేదా బంగారు రేణువులకు డీఎన్ఏ పూసి కాల్చే జీన్ గన్ కావాలి. పొలంలో వేయాలంటే ప్రభుత్వ అనుమతులు వేరే.

వాడిన ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపాకే) పారేయాలి. మా అటెండర్‌కు కూడా ఇది గట్టిగా చెప్పి ఉంచాను, ల్యాబు సింకు నీళ్లు నేరుగా పంట బోదెలోకే పోతాయి మరి.