రాడార్‌తో సముద్రం – 4వ పాఠం: రెండు గీతలు, ఒక బాణం

ఒడ్డు మీది రాడార్‌కి సముద్రం నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనుల గ్రాఫు ఇచ్చి, నీటి ప్రవాహం వేగం ఎంతో చెప్పమన్నాను కదా. పోయినసారి ఇచ్చిన ఆ లెక్కకి ఎక్కువమంది రాసిన జవాబు ఒకటే: "ప్రవాహం సెకనుకు 7.8 మీటర్లు." అంటే గంటకు 28 కిలోమీటర్లు. నీళ్లు నిజంగా అలా పరిగెడితే, పొద్దున్నే కాళీపట్నంలో వలేసిన పడవ సాయంత్రానికి విశాఖలో తేలాలి! తప్పు కొంత నాదీ ఉంది. గ్రాఫులో శిఖరం ఎక్కడుందో చూడమన్నాను గానీ, ఎక్కణ్ణుంచి కొలవాలో చెప్పలేదు. అందుకని అలల ఎత్తు సంగతి వచ్చేసారికి వాయిదా.

ఆ 7.8లో 7.3 అల వేగం, నీటి వేగం కాదు. ఆంధ్ర తీరంలోని కాళీపట్నం, మచిలీపట్నం జంట రాడార్లు సుమారు 4.4 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ రేడియో తరంగదైర్ఘ్యం 68 మీటర్లు. అందులో సగం, అంటే 34 మీటర్ల పొడవున్న అలల నుంచే ప్రతిధ్వనులు ఒకదానికొకటి తోడై గట్టిగా తిరిగొస్తాయి. న్యూజిలాండ్‌లో క్రాంబీ అనే శాస్త్రవేత్త 1955లో బయటపెట్టింది ఈ సంగతే. ఆయన వాడింది 13.56 మెగాహెర్ట్జ్ కాబట్టి ఆయనకి పలికినవి 11 మీటర్ల అలలు. లోతు నీళ్లలో అల వేగం దాని పొడవుని బట్టే ఉంటుంది. తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యం, పంపినదానికంటే ఎంత మారిందో చూపేదే మన గ్రాఫు. అందుకే నీరు కదలకపోయినా అందులో మనవైపు వచ్చే అలలు +0.214 హెర్ట్జ్ దగ్గర, దూరంగా పోయేవి −0.214 దగ్గర శిఖరం కడతాయి. (పెద్ద సూత్రం నేను గుర్తుపెట్టుకోను. మెగాహెర్ట్జ్ అంకెకి వర్గమూలం తీసి 0.102తో గుణిస్తా, అంతే.)

నీరు కూడా కదిలితే రెండు శిఖరాలూ కలిసి ఒకే పక్కకి జరుగుతాయి. జరిగిన ఆ కాస్తే ప్రవాహం. పోయినసారి మీకిచ్చిన గ్రాఫులో అవి +0.230, −0.198 దగ్గర ఉన్నాయి. రెండూ 0.016 కుడికి జరిగాయన్నమాట. దాన్ని అల పొడవు 34తో గుణిస్తే 0.54. నీరు రాడార్ వైపు సెకనుకు అరమీటరు పైచిలుకు వస్తోంది. ఒక శిఖరం రొదలో మునిగిపోయినా కొందరు మిగిలినదాంతో లెక్క కట్టేస్తారు. నేనైతే రెండోది కనిపించేదాకా నమ్మను.

ఇక నాకు చిరాకు తెప్పించే తప్పు. 0.54 సరిగ్గా తెచ్చినవాళ్లు కూడా రెండో రాడార్ అంకె ఇవ్వగానే, ఇంటర్ ఫిజిక్సులో బలాలు కలిపినట్టు సమాంతర చతుర్భుజం గీసి కర్ణం కొలిచేశారు. ఇవి బలాలు కావు. ఒక్కో రాడార్‌కి తన చూపు గీత (రాడార్ నుంచి ఆ చోటుకి గీసిన గీత) మీద పడిన ప్రవాహపు నీడ మాత్రమే తెలుస్తుంది. రెండు నీడలు కలిపితే మనిషి అవుతాడా?

అంకెలతో చూడండి. అసలు ప్రవాహం 1.0 అనుకుందాం. రెండు చూపు గీతల మధ్య కోణం 60 డిగ్రీలు, ప్రవాహం సరిగ్గా నడిమధ్యన. ఒక్కో రాడార్‌కి కనపడేది 0.87. చతుర్భుజం గీస్తే 1.5 వస్తుంది. ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు! అదే కోణం 120 అయితే ఒక్కోదానికి 0.5 కనపడుతుంది, చతుర్భుజం కూడా 0.5 అంటుంది. ఉన్నదాంట్లో సగం. కోణం సరిగ్గా 90 అయితే మాత్రం 1.0 వస్తుంది. పుస్తకాల్లో బొమ్మలన్నీ 90తోనే గీస్తారు కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు.

సరైన పద్ధతికి సైన్లూ కొసైన్లూ అక్కర్లేదు. గ్రాఫు కాగితం మీద ఒకే బిందువు నుంచి రెండు నీడల్నీ కొలతకి గీయండి. ఒక్కోదాని కొస దగ్గర మూలమట్టం పెట్టి లంబం లాగండి. రెండు లంబాలు కలిసినచోటే బాణం మొన. మొదటి బిందువు నుంచి అక్కడికి గీస్తే అదే ప్రవాహం. కంప్యూటర్ ఉన్నా నేను ముందు ఇలా గీసే చూసుకుంటాను.

రెండు రాడార్లనీ కలిపే గీత మీద మాత్రం ఈ పప్పులుడకవు. అక్కడ చూపు గీతలు రెండూ ఒకటే, లంబాలు కలవవు. సముద్రంలో బాగా దూరం పోయినా గీతలు దాదాపు ఒకే వాలులో పడతాయి. అలాంటి చోట్ల బాణం గీయకుండా వదిలేయడమే పద్ధతి.

అభ్యాసం. అంకెలు నేను అల్లినవే. సముద్రంలో ఒక చోటు మచిలీపట్నానికి నేరుగా తూర్పున, అంటే 90 డిగ్రీల దిక్కున ఉంది. కాళీపట్నం నుంచి చూస్తే అదే చోటు 150 డిగ్రీల దిక్కున ఉంది (ఉత్తరం నుంచి కుడివైపుగా కొలవాలి). మచిలీపట్నం రాడార్ నీరు తన నుంచి 0.40 వేగంతో దూరమవుతోందంటుంది, కాళీపట్నం రాడార్ 0.10 అంటుంది. బాణం గీయండి. జవాబు 0.42 దగ్గర్లో, తూర్పు నుంచి కాస్త ఉత్తరానికి వాలి రావాలి. మీది దక్షిణానికి వాలిందంటే మళ్లీ చతుర్భుజం గీశారన్నమాట.

అది అయ్యాక రెండో దిక్కుని 150 నుంచి 110కి మార్చి, నీడని 0.34గా పెట్టి గీయండి. తర్వాత ఆ ఒక్క అంకెనీ 0.39 చేసి, మిగతావి కదపకుండా ఇంకోసారి గీయండి. రాడార్ కొలతలో 0.05 తేడా మామూలే. ఆ కాస్త తేడాకి బాణం ఎటు తిరిగిందో, ఎన్ని డిగ్రీలు తిరిగిందో కోణమానినితో కొలిచి రాసిపెట్టుకోండి. లంబాలు చాలా వాలుగా కోసుకుంటాయి, పెద్ద కాగితం తీసుకోండి.