పొరల విల్లును ఇంట్లో తయారుచేసుకునే విధానం

విల్లును వంచినప్పుడు వీపు (విలుకాడికి అవతలి వైపు) సాగుతుంది, కడుపు (విలుకాడి వైపు ఉండే ముఖం) నొక్కుకుంటుంది. అందుకే సాగుదలను బాగా ఓర్చే వెదురు బద్దను వీపున, చారలు పొడవునా తిన్నగా ఉన్న తడ చెట్టు కర్రను కడుపున అతికించాలి. ఆరడుగుల విల్లు పెద్దవారికి సరిపోతుంది.

వెదురును లోపలి వైపునే చిత్రిక పట్టాలి. బయటి పచ్చని పొర కిందే గట్టి నారలుంటాయి కనుక వాటిని కోయకూడదు. కణుపులను పూర్తిగా చదును చేస్తే విల్లు అక్కడే విరుగుతుంది.

రెండు ముఖాలూ వెలుతురు దూరనంతగా కలిశాక, నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీని (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) రెండింటికీ పూసి, అచ్చుపై పెట్టి, సైకిల్ ట్యూబు పట్టీలతో వరసగా బిగించి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. వరంగల్ మే ఎండల్లో కలిపిన జిగురు చాలా త్వరగా బిగుస్తుంది కాబట్టి తెల్లవారుజామునే ఈ పని ముగించడం మంచిది. వానాకాలంలోనైతే చెక్క తేమ పట్టకుండా చూసుకోవాలి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది వంపు సరిచేయడంలో. విల్లును గోడకు బిగించి, తాడును కొద్దికొద్దిగా లాగుతూ దూరం నుంచి చూడాలి. ఏ రెక్క (పిడికి పైనా కిందా ఉండే వంగే భాగం) తక్కువ వంగుతుందో దాని కడుపు వైపునే గీకాలి, ఎక్కువ వంగేచోట ముట్టుకోకూడదు. గీకిన ప్రతిసారీ పలుమార్లు వంచాకే మళ్లీ పరిశీలించాలి. బాణం లేకుండా నారిని ఎన్నడూ వదలకండి. రెక్కలు పగిలి కంటికి తగలవచ్చు.