వైరస్ ప్రోటీన్ కణంలో ఆటోఫజీని నిజంగా పెంచుతోందా? తేల్చుకునే పద్ధతి

అనంతపురం, కడప, కర్నూలు కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం ప్రాజెక్టు మొదలుపెడుతున్న విద్యార్థుల కోసం దీన్ని రాస్తున్నాను. కణం తనలో పాడైన భాగాలను, లోపలికి చేరిన వైరస్ ప్రోటీన్లను రెండు పొరల సంచిలో చుట్టి, లైసోసోమ్‌కు చేర్చి జీర్ణం చేసుకోవడమే ఆటోఫజీ. దీనికి అవసరమైన జన్యువులను ఈస్ట్‌లో గుర్తించిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి లభించింది.

ముందుగా వైరస్ ప్రోటీన్ జన్యువున్న ప్లాస్మిడ్‌ను (చిన్న వలయాకార డీఎన్ఏను) కొన్ని కణాల్లోకి, ఖాళీ ప్లాస్మిడ్‌ను మరికొన్ని కణాల్లోకి పంపాలి. ప్లాస్మిడ్‌ను లోపలికి చేర్చే రసాయనమే ఒక్కోసారి ఆటోఫజీని రేపుతుంది కనుక ఖాళీ ప్లాస్మిడ్ లేని ప్రయోగాన్ని నేను లెక్కలోకి తీసుకోను. పోషకాలు అందకుండా ఉంచిన కణాలను కూడా పక్కన పెట్టుకుంటే ఆటోఫజీ పెరిగినప్పుడు ఫలితం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

తరువాత వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో, ఎల్‌సీ3 ప్రోటీన్‌ను చూడాలి. సంచి పొరకు అంటుకోని దాని రూపం ఎల్‌సీ3-1. సంచి పొరకు అంటుకున్న ఎల్‌సీ3-2కి కొవ్వు అణువు జతపడి బరువు పెరిగినా, జెల్‌లో అది ఎల్‌సీ3-1 కంటే వేగంగా కదిలి, 16 కిలోడాల్టన్ల గీతకు దిగువన 14 దగ్గర కనిపిస్తుంది. ఎల్‌సీ3-2 ఎంత ఉందన్నది ఎల్‌సీ3-1తో కాక, కణాల్లో దాదాపు స్థిరంగా ఉండే యాక్టిన్ ప్రోటీన్‌తో పోల్చాలి.

ఎల్‌సీ3-2 పెరిగిందని తేలగానే చాలామంది ఆటోఫజీ పెరిగిందని రాసేస్తారు; ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పోరుమామిళ్ల చెరువులో నీటిమట్టం పెరిగిందంటే పైనుంచి నీరు ఎక్కువగా వచ్చి ఉండవచ్చు, లేదా తూము పూడుకుపోయి ఉండవచ్చు. కట్ట మీద నిలబడి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కణంలో రాక అంటే కొత్త సంచులు తయారవడం, తూము అంటే అవి లైసోసోమ్‌లో జీర్ణం కావడం. అందుకే తూమును మనమే మూసి చూడాలి. రెండు రకాల కణాల్లోనూ సగం వెల్స్‌కు (కణాలను పెంచే పళ్లెంలోని గుంటలకు), కణాలను సేకరించడానికి నాలుగు గంటల ముందు, లైసోసోమ్ పనిని ఆపే బాఫిలోమైసిన్ ఎ1ను 100 నానోమోలార్ మోతాదులో కలపాలి. బాఫిలోమైసిన్ ఉన్నప్పుడు కూడా ఖాళీ ప్లాస్మిడ్ కణాల కంటే వైరస్ ప్రోటీన్ ఉన్న కణాల్లో ఎల్‌సీ3-2 ఎక్కువగా ఉంటే, రాక నిజంగానే పెరిగినట్లు. వైరస్ ప్రోటీన్ ఉన్న కణాల్లో బాఫిలోమైసిన్ కలిపినా కలపకపోయినా ఎల్‌సీ3-2 ఒకే స్థాయిలో ఉంటే, ఆ ప్రోటీనే తూమును మూస్తోందని అనుమానించాలి. ఆటోఫజీలో తానూ జీర్ణమయ్యే పీ62 ప్రోటీన్ తగ్గడం అదనపు ఆధారమే తప్ప, దాని ఉత్పత్తి కూడా మారుతుంటుంది కనుక ఒంటరిగా చాలదు.

ఇక ఈ శుభ్రత కణానికి రక్షణా, కాదా అన్నది వేరే ప్రశ్న. ఆటోఫజీకి అవసరమైన ఏటీజీ5 జన్యువు తొలగించిన కణాలకు పూర్తి వైరస్‌ను సోకించి, ప్లాక్ పరీక్షతో (కణాల పొరలో వైరస్ చేసే ఖాళీ మచ్చలను లెక్కపెట్టే పరీక్షతో) వైరస్ సంఖ్యను కొలవాలి. పోలియో వైరస్ ఆటోఫజీ యంత్రాంగాన్నే తన వృద్ధికి వాడుకుంటుంది కనుక ఫలితం మనం అనుకున్నదానికి తలకిందులుగానూ రావచ్చు. సంఖ్య మారకపోయినా రక్షణ లేదని రాయకూడదు. నాడీకణాల్లో ఏటీజీ5 లేని ఎలుకలకు సిండ్‌బిస్ వైరస్ సోకినప్పుడు వైరస్ సంఖ్య పెరగలేదు గాని, వైరస్ ప్రోటీన్లు తొలగక పేరుకుపోయి నాడీకణాలు ఎక్కువగా చనిపోయాయి. కాబట్టి కణాల్లో మిగిలిన వైరస్ ప్రోటీన్‌ను, చనిపోయిన కణాల శాతాన్ని కూడా అదే ప్రయోగంలో కొలవాలి.