పైథాన్ నుంచి సికి డేటా చేతులు మారేటప్పుడు: ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పైథాన్‌లో నెమ్మదిగా నడుస్తున్న పనిని సి లైబ్రరీకి అప్పగించడం మామూలే. 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి, సి ఫంక్షన్లని పిలవడానికి పనికొచ్చే సీటైప్స్ (ctypes) అనే మాడ్యూల్ భాషతో పాటే వస్తోంది. వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా నాలుగు లైన్లలో సి ఫంక్షన్‌ని పిలిచేయొచ్చు. ఆ నాలుగు లైన్లు రాసే ముందు ఒక గంట కేటాయించమని నా మాట. ఇక్కడ తప్పు జరిగితే పైథాన్‌లో వచ్చినట్టు, తప్పు ఏ లైన్‌లో జరిగిందో చూపే ట్రేస్‌బ్యాక్ రాదు. ఒక్కోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక్క ముక్క వచ్చి ప్రోగ్రామ్ కూలిపోతుంది. అదే నయం. ఏ చప్పుడూ లేకుండా తప్పు లెక్కతో పని సాగిపోతే, అది బయటపడేసరికి నెలలు పడుతుంది.

సి ఫంక్షన్ల వివరాలుండే హెడర్ ఫైల్ పక్కన తెరిచి పెట్టుకుని, పిలవబోయే ప్రతి ఫంక్షన్‌కీ ఆర్గ్‌టైప్స్ (మనం ఇచ్చే విలువల టైపులు), రెస్‌టైప్ (తిరిగొచ్చే విలువ టైపు) రెండూ రాసేయండి. చిన్న ఫంక్షనే కదా అని ఒక్కదాన్నీ వదలొద్దు. మీరు చెప్పకపోతే ప్రతి ఫంక్షనూ ఇంట్ తిరిగిస్తుందనే సీటైప్స్ అనుకుంటుంది. కావాలంటే మ్యాథ్ లైబ్రరీలోని వర్గమూలం ఫంక్షన్‌కి ఆర్గ్‌టైప్స్ మాత్రం రాసి, రెస్‌టైప్ రాయకుండా 2.0 ఇచ్చి చూడండి. 1.414 రాదు, ఏదో సంబంధం లేని పూర్ణాంకం వస్తుంది. జవాబు ప్రాసెసర్‌లోని దశాంశాల రిజిస్టర్‌లో ఉంటే, సీటైప్స్ వెళ్లి పూర్ణాంకాల రిజిస్టర్‌లో వెతికింది మరి. ఇది కనీసం చూడగానే తెలిసిపోతుంది. పాయింటర్ (మెమరీ అడ్రస్) తిరిగిచ్చే ఫంక్షన్‌తో వచ్చే చిక్కు అలా తెలియదు. 64 బిట్ల అడ్రస్‌లో కింది 32 బిట్లే మిగిలి, పై సగం తెగిపోతుంది. అడ్రస్ చిన్నదైతే ఆ సగంతోనే సరిపోతుంది కాబట్టి మీ మెషీన్‌లో అంతా బాగానే నడుస్తుంది, ఇంకొకరి మెషీన్‌లో కూలుతుంది.

పూర్ణాంకాల సైజు దగ్గర ఇంకో మాట. పైథాన్‌లో ఇంట్‌కి హద్దు లేదు. సిలో ఉంది. సీటైప్స్‌లోని సీ ఇంట్‌కి 2147483648 ఇస్తే పట్టదని చెప్పదు, మౌనంగా -2147483648 చేసి పంపుతుంది. అందుకని హద్దులో ఉందో లేదో పైథాన్ వైపే చూసి, దాటితే మీరే ఎర్రర్ లేపండి. లాంగ్ అనే టైపుని నమ్ముకోవద్దు. 64 బిట్ల లినక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు. రెండు వైపులా ఇంట్ 32 లేదా ఇంట్ 64 అని సైజు తెలిసే పేర్లే వాడితే ఈ టెన్షన్ ఉండదు.

నా అనుభవంలో ఎక్కువ తప్పులు జరిగేది స్ట్రింగుల దగ్గర. పైథాన్ స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస. సికి మాత్రం అది బైట్ల వరుస, చివర సున్నా బైట్ వస్తే అయిపోయినట్టు. ఆర్గ్‌టైప్స్ రాయకుండా మామూలు స్ట్రింగ్‌ని అలాగే పంపితే సీటైప్స్ దాన్ని వైడ్ అక్షరాలుగా పంపుతుంది. లినక్స్‌లో ఒక్కో వైడ్ అక్షరం 4 బైట్లు. ఇంగ్లిష్ అక్షరమైతే అందులో మొదటి బైట్‌లోనే విషయం, మిగిలిన మూడూ సున్నాలు. అటువైపు బైట్ల స్ట్రింగ్ కోసం చూస్తున్న ఫంక్షన్ మొదటి అక్షరం చదివి, వెంటనే సున్నా కనబడగానే ఆగిపోతుంది. పెద్ద వాక్యం పంపితే ఒకే ఒక్క అక్షరం ప్రింట్ అయిందంటే కారణం ఇదే. పంపే ముందు యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేయండి, అంటే అక్షరాల్ని బైట్లుగా మార్చండి. ఆర్గ్‌టైప్స్ రాసి ఉంటే, మర్చిపోయినా అక్కడే ఎర్రర్ వచ్చి ఆపుతుంది.

ఎన్‌కోడ్ చేశాక పొడవు మారుతుందని గుర్తుంచుకోండి. 'తెలుగు' అనే మాటనే తీసుకుందాం. చూడ్డానికి మూడు అక్షరాలు. పైథాన్‌ని పొడవు అడిగితే 6 అంటుంది, గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 18 బైట్లు. సి వైపు 16 బైట్ల బఫర్ (డేటా పెట్టుకునే చోటు) ఉంటే, చివరి సున్నాకి ఒకటి పోగా 15 బైట్లు పడతాయి. 15 అంటే సరిగ్గా అయిదు గుర్తులు. తిరిగి వచ్చేది 'తెలుగ'. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, కొమ్ము మాత్రం పోయింది. అదే 12 బైట్ల బఫర్ అయితే 11 బైట్ల దగ్గర, ఒక గుర్తు మధ్యలో తెగుతుంది, వెనక్కి డీకోడ్ చేసేటప్పుడు పైథాన్ గోల పెడుతుంది. రెండిట్లో నాకు భయం మొదటిదంటేనే. పేర్లు, చిరునామాలు ఇలా చివర తెగిపోయి డేటాబేస్‌లోకి చేరితే ఎవరికీ అనుమానం కూడా రాదు. కాబట్టి బఫర్ సైజు ఎప్పుడూ ఎన్‌కోడ్ చేసిన బైట్లని లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి నిర్ణయించండి. మధ్యలో సున్నా బైట్ వచ్చే అవకాశం ఉన్న డేటా అయితే పొడవుని విడిగా ఇంకో ఆర్గ్యుమెంట్‌గా పంపండి.

సి ఫంక్షన్ ఆ బఫర్‌లో రాయబోతుంటే, దానికి పైథాన్ బైట్స్ వస్తువుని ఎప్పుడూ ఇవ్వొద్దు. బైట్స్ మారకూడని వస్తువు. సీటైప్స్‌లోని క్రియేట్ స్ట్రింగ్ బఫర్ ఫంక్షన్‌తో విడిగా చోటు తీసి ఇవ్వండి.

తర్వాత, మెమరీ ఎవరిది, ఎవరు వదిలేయాలి అన్నది కాగితం మీద రాసుకోవాల్సినంత ముఖ్యం. లైబ్రరీ తానే మెమరీ తీసుకుని స్ట్రింగ్ తిరిగిస్తోందనుకోండి. రెస్‌టైప్‌ని క్యార్ పాయింటర్ అని రాస్తే సీటైప్స్ దాన్ని వెంటనే బైట్స్‌గా మార్చి చేతిలో పెడుతుంది. సౌకర్యమే, కానీ అసలు అడ్రస్ పోయింది, ఇక దాన్ని విడిపించే దారి లేదు. పిలిచిన ప్రతిసారీ కాస్త కాస్త లీక్ అవుతూనే ఉంటుంది. రెస్‌టైప్‌ని వాయిడ్ పాయింటర్‌గా పెట్టి, సీటైప్స్‌లోని స్ట్రింగ్ యాట్ ఫంక్షన్‌తో కాపీ తీసుకుని, ఆ లైబ్రరీ ఇచ్చిన విడుదల ఫంక్షన్‌తోనే వదిలేయండి. వేరే చోటి ఫ్రీ ఫంక్షన్ వాడొద్దు. విండోస్‌లో ఒక్కో డీఎల్ఎల్‌కి (లైబ్రరీ ఫైల్‌కి) వేరే రన్‌టైమ్, మెమరీ తీసుకునే వేరే హీప్ ఉండొచ్చు.

కాల్‌బ్యాక్ (సి తిరిగి పిలిచే పైథాన్ ఫంక్షన్) విషయంలో నేను స్వయంగా దెబ్బతిన్నాను. పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి పైథాన్ ఫంక్షన్‌ని కాల్‌బ్యాక్‌గా చుట్టి, రిజిస్టర్ చేసే పిలుపులోనే నేరుగా ఇచ్చేశాను. టెస్టులన్నీ పాస్ అయ్యాయి. అసలు డేటా మీద నడిపితే మాత్రం ఒక్కోసారి మధ్యలో కూలేది, ఒక్కోసారి చివరిదాకా వెళ్లేది. రెండు రోజులు సి కోడ్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను. తప్పు నాది. నేను చుట్టిన ఆ వస్తువుకి ఏ పేరూ పెట్టలేదు. రిజిస్టర్ అవగానే దాన్ని పట్టుకున్నవాళ్లు లేక పైథాన్ తీసి పారేసింది. సి దగ్గర మాత్రం పాత అడ్రస్ ఉండిపోయింది. ఆ చోట ఇంకేదీ వచ్చి కూర్చోనంత కాలం బాగానే నడిచింది. కాల్‌బ్యాక్‌ని సి వాడుతున్నంత కాలం ఒక వేరియబుల్‌లో పట్టుకుని ఉంచండి. కాల్‌బ్యాక్ లోపల ఎక్సెప్షన్ వస్తే అది సి దాటి మీ పైథాన్ కోడ్‌కి చేరదు, స్క్రీన్ మీద పడి అక్కడితో పోతుంది. లోపలే పట్టుకుని ఎక్కడైనా దాచుకోండి, పిలుపు ముగిశాక చూడొచ్చు.

వేర్వేరు టైపుల విలువల్ని ఒక్కచోట ఉంచే స్ట్రక్చర్ల గురించి క్లుప్తంగా: ఒక క్యార్, ఒక డబుల్ కలిపితే 9 బైట్లు అనుకుంటాం. మామూలు 64 బిట్ల మెషీన్‌లో అది 16. మధ్యలో 7 బైట్లు ఖాళీ. రెండు వైపులా సైజ్ ఆఫ్ ప్రింట్ చేసి పోల్చండి.

నంపై అనే లెక్కల లైబ్రరీలోని అర్రేని తిప్పి ట్రాన్స్‌పోజ్ చేశాక (వరుసల్ని నిలువులుగా మార్చాక) దాని పాయింటర్ పంపితే, మెమరీలో డేటా తిరగలేదు కాబట్టి సికి పాత వరుసే కనిపిస్తుంది. నంపైలోని యాజ్ కంటిగ్యువస్ అర్రే ఫంక్షన్‌తో సరిచేసి, దానికో పేరు పెట్టి, అప్పుడు పంపండి. అవసరమైనప్పుడు అది కాపీ తీస్తుంది, సి రాసిన జవాబు ఆ కాపీలోనే ఉంటుంది, అసలు అర్రేలో వెతక్కండి. డీటైప్ (అర్రేలోని విలువల టైపు) కూడా స్పష్టంగా రాయండి. 2024లో వచ్చిన నంపై 2.0కి ముందు విండోస్‌లో మామూలు పూర్ణాంకం 32 బిట్లే. ఇంకోటి, సీటైప్స్‌లోని సీడీఎల్ఎల్‌తో తెరిచిన లైబ్రరీని పిలిచినప్పుడు జిల్ (ఒకసారికి ఒకే థ్రెడ్ పైథాన్ కోడ్ నడిపేలా చూసే తాళం) విడుదలవుతుంది. సి పని చేస్తుండగా ఇంకో థ్రెడ్ అదే అర్రేని మారుస్తూ ఉండొచ్చు.

విడుదలకి ముందు పైథాన్‌లోని ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్ ఆన్ చేసుకోండి, కూలినా పైథాన్‌లో ఏ లైన్ దగ్గరో చెబుతుంది. సి లైబ్రరీని, మెమరీ తప్పుల్ని పట్టిచ్చే అడ్రస్ శానిటైజర్‌తో ఒకసారి కంపైల్ చేసి అవే టెస్టులు నడపండి. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిచ్చే ఒక చిన్న సి ఫంక్షన్ ప్రతి టైపుకీ రాసి, దానిగుండా ఇవన్నీ పంపి చూడండి: 0, -1, 2147483647, దాని తర్వాతి సంఖ్య, ఖాళీ స్ట్రింగ్, మధ్యలో సున్నా బైట్ ఉన్న స్ట్రింగ్, ఖాళీ అర్రే, ట్రాన్స్‌పోజ్ చేసిన అర్రే, బఫర్‌ని సరిగ్గా నింపేసే పొడవున్న తెలుగు మాట. లినక్స్‌లో ఒకసారి, విండోస్‌లో ఒకసారి.