దసరా గిరాకీకి ముందు రేటు స్టిక్కర్ల జాగ్రత్తలు

జడ్చర్ల, దేవరకొండ సైడు మార్ట్ నడిపే అన్నలు, తక్కువ రేటు స్టిక్కర్ పీకి ఖరీదు సరుకుకు అంటించి మోసం చేసెటోళ్లుంటరు, బతుకమ్మ గిరాకీ మొదలుకాకముందే ఇవి చూస్కోండి.

– పీకితే ముక్కలయ్యే స్టిక్కరే కొనండి, మామూలుది గోరుతో మూల లేపితే సాఫ్‌గా వస్తది, పప్పు ప్యాకెట్‌ది తీస్కపోయి కిలో జీడిపప్పుకు అంటిస్తరు, స్కానర్‌కేం తెల్సు పాపం.

– అందుకే కౌంటర్ పిల్లగాండ్లు బీప్ అనంగనే వదిలేయొద్దు, స్క్రీన్ మీద పేరు, చేతిల సరుకు ఒకటేనా చూడాలె. కంపెనీ బార్‌కోడ్ ఉంటే మన స్టిక్కర్ అసలే వద్దు.

– తూకం స్టిక్కర్ మార్చకుండ కాంటా కాడ మన మనిషి ఉండాలె.

– డౌటొస్తే గల్ల పట్టుడు కాదు, బిల్లు ఆపి "రేటు మళ్ల చూస్తా" అనండి, సీసీ ఫుటేజీ దాచండి.

– మనం సుత సక్కగుండాలె గదా, ఎమ్మార్పీ పెంచి స్టిక్కర్ కొడితే 2011 లీగల్ మెట్రాలజీ (తూకాలు, కొలతల) రూల్స్ ఒప్పుకోవు, తగ్గించి అంటించొచ్చు గానీ పాత రేటు మూయొద్దు, లేకుంటే కస్టమర్ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొడ్తడు.