చిన్న ఆఫీసు ఫైల్ సర్వర్‌లో రోమింగ్ ప్రొఫైల్స్ ఏర్పాటు చేసుకునే పద్ధతి

హనుమకొండ, వరంగల్‌లలోని ఆడిటర్ల ఆఫీసుల్లోనూ, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల్లోనూ ఎనిమిదో పదో సిస్టములు ఉంటాయి గాని, పనిచేసేవాళ్లు రోజూ ఒకే సీటులో కూర్చోరు. జీఎస్టీఆర్-1కు గడువైన 11వ తేదీ, 3బీకి గడువైన 20వ తేదీ దగ్గరపడ్డాయంటే ఎవరికి ఏ సిస్టమ్ ఖాళీగా దొరికితే అందులోనే పని మొదలుపెడతారు. తీరా కూర్చున్నాక తమ డెస్క్‌టాప్ అందులో ఉండదు, తెలుగు కీబోర్డు ఉండదు, ప్రింటర్ వేరేది చూపిస్తుంది, నిన్న సేవ్ చేసిన ఎక్సెల్ ఫైలు మూడో సీటులో ఉండిపోతుంది. ఈ ఇబ్బందిని తీర్చడానికే విండోస్‌లో రోమింగ్ యూజర్ ప్రొఫైల్ ఉంది. యూజర్ సెట్టింగులు సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. అతడు ఏ సిస్టమ్‌లో లాగిన్ అయితే ఆ సిస్టమ్‌కు కాపీ అవుతాయి. లాగాఫ్ చేసినప్పుడు మారినవి మళ్లీ సర్వర్‌కు చేరుతాయి.

ఈ ఏర్పాటు చేసుకున్న చోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు లాగిన్ ఆలస్యం గురించే. లెక్క వేసి చూస్తే కారణం తెలుస్తుంది. 100 ఎంబీపీఎస్ స్విచ్ మీద సెకనుకు 11 లేదా 12 మెగాబైట్లకు మించి వెళ్లవు కాబట్టి, 5 జీబీ ప్రొఫైల్ కొత్త సిస్టమ్‌లోకి దిగడానికి ఏడు నిమిషాలకు పైనే పడుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. ఉదయం అందరూ ఒకేసారి లాగిన్ అయితే ఆ దారినే అందరూ పంచుకోవాలి. అందువల్ల ప్రొఫైల్‌లో సెట్టింగులు మాత్రమే ఉండేటట్టు, ఫైళ్లు వేరే దారిలో సర్వర్‌కు చేరేటట్టు మొదటి రోజే ఏర్పాటు చేసుకోవాలి. కింద చెప్పేవన్నీ ఈ ఉద్దేశంతో చెప్పేవే.

ముందుగా సరిచూసుకోవలసినవి

రోమింగ్ ప్రొఫైల్స్‌కు యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ ఉండాలి, అంటే ఆఫీసులోని యూజర్ ఖాతాలనూ సిస్టములనూ ఒకే సర్వర్ నుంచి చూసుకునే ఏర్పాటు ఉండాలి. 25 మంది లోపు ఆఫీసుకు విండోస్ సర్వర్ ఎసెన్షియల్స్ ఎడిషన్ సరిపోతుంది. దానికి విడిగా యూజర్ లైసెన్సులు కొనవలసిన అవసరం లేదు. లైనక్స్ తెలిసినవాళ్లు ఉంటే, 2012 డిసెంబరులో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా డొమైన్ కంట్రోలర్‌గా, అంటే డొమైన్‌ను నడిపే సర్వర్‌గా పనిచేస్తోంది. ఈ వ్యాసంలో విండోస్ సర్వర్ పద్ధతినే చెబుతున్నాను.

సిస్టములు కొనేటప్పుడే చూసుకోవలసిన సంగతి ఒకటుంది. దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే ల్యాప్‌టాపుల్లో చాలావరకు విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటుంది, అది డొమైన్‌లో చేరదు. ప్రొ ఎడిషన్‌కు మార్చుకున్నాకే మిగతా పని మొదలుపెట్టాలి. ప్రతి సిస్టమ్‌లోనూ డీఎన్ఎస్ (పేరును బట్టి నెట్‌వర్క్ అడ్రసు వెతికిపెట్టే సేవ) అడ్రసుగా డొమైన్ కంట్రోలర్ అడ్రసే ఉండాలి. రౌటర్ అడ్రసు గాని, గూగుల్ డీఎన్ఎస్ గాని ఉంటే డొమైన్ ఒకసారి దొరికి ఒకసారి దొరకకుండా పోతుంది. గడియారం కూడా చూడాలి. సర్వర్‌కూ సిస్టమ్‌కూ ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే కెర్బెరోస్ (డొమైన్‌లో యూజర్ ఎవరో సరిచూసే పద్ధతి) లాగిన్‌ను ఒప్పుకోదు, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత సిస్టములలో ఇది తరచుగా జరుగుతుంది. స్విచ్ గిగాబిట్‌ది ఉంటే మంచిది.

షేర్, పర్మిషన్లు

తొందరపడకుండా చేయవలసిన పని ఇది. మొదటి యూజర్ లాగిన్ కాకముందు తప్పు దిద్దడం రెండు నిమిషాల పని. ఫోల్డర్లు తయారయ్యాక దిద్దాలంటే ఒక్కొక్కటీ విప్పుకోవాలి.

సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డ్రైవ్‌లో కాకుండా వేరే డ్రైవ్‌లో ప్రొఫైల్స్ అనే ఫోల్డర్ తయారుచేసి షేర్ చేయండి. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే నెట్‌వర్క్ జాబితాలో అది కనిపించదు. యాక్టివ్ డైరెక్టరీలో ఒక సెక్యూరిటీ గ్రూపు తయారుచేసి, రోమింగ్ ప్రొఫైల్ కావలసినవాళ్లను మాత్రమే అందులో చేర్చండి. షేర్ పర్మిషన్లలో ఆ గ్రూపుకు ఫుల్ కంట్రోల్ ఇవ్వవచ్చు, ఎందుకంటే అసలు కట్టడి ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్ల (డిస్కులో ఆ ఫోల్డర్‌కే ఉండే హక్కుల) దగ్గర ఉంటుంది.

ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి, పై ఫోల్డర్ హక్కులు కిందికి దిగే ఇన్‌హెరిటెన్స్‌ను ఆపేయండి. తర్వాత నాలుగు ఎంట్రీలు మాత్రమే ఉంచండి. విండోస్ తన పనులకు వాడుకునే సిస్టమ్ (SYSTEM) అనే ఖాతాకు ఈ ఫోల్డర్, సబ్‌ఫోల్డర్లు, ఫైళ్లు అన్నిటి మీదా ఫుల్ కంట్రోల్ ఉండాలి. అడ్మినిస్ట్రేటర్లకు ఈ ఫోల్డర్ వరకు ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. క్రియేటర్ ఓనర్‌కు, అంటే ఫోల్డర్ ఎవరు తయారుచేస్తే వాళ్లకు, సబ్‌ఫోల్డర్లు, ఫైళ్ల మీద మాత్రమే ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. మనం తయారుచేసిన గ్రూపుకు, ఈ ఫోల్డర్ వరకే, లిస్ట్ ఫోల్డర్, క్రియేట్ ఫోల్డర్స్ అనే రెండు హక్కులు చాలు. దీనివల్ల ప్రతి యూజర్ తన ఫోల్డర్‌ను తానే తయారుచేసుకుని దానికి ఓనర్ అవుతాడు, పక్క సీటువాళ్ల ఫోల్డర్ తెరవలేడు. యూజర్ ఫోల్డర్లను మీ చేతులతో ముందే తయారుచేసి పెట్టకండి. వాటికి ఓనర్ మీరవుతారు, లాగిన్ సమయంలో విండోస్ ఓనర్ ఎవరో సరిచూసి, యూజర్ కాకపోతే ప్రొఫైల్‌ను లోడ్ చేయదు.

ఈ షేర్‌కు ఆఫ్‌లైన్ క్యాషింగ్ (సర్వర్ ఫైళ్ల కాపీని సిస్టమ్‌లో దాచుకునే ఆఫ్‌లైన్ ఫైల్స్ సదుపాయం) పూర్తిగా ఆపేయాలి. ప్రొఫైల్ కాపీని రోమింగ్ వ్యవస్థే చూసుకుంటుంది; అదే ఫైళ్లను ఆఫ్‌లైన్ ఫైల్స్ కూడా చూసుకోవడం మొదలుపెడితే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

అడ్మినిస్ట్రేటర్‌కు సైతం యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్ తెరుచుకోదని చాలామందికి తర్వాతగాని తెలియదు. బ్యాకప్ చూసుకోవడానికి, సైజు చూడడానికి ఆ ప్రవేశం కావాలి. గ్రూప్ పాలసీలో (డొమైన్‌లోని సిస్టములన్నిటికీ సర్వర్ నుంచే సెట్టింగులు పెట్టే చోటు) కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, యూజర్ ప్రొఫైల్స్ వరుసలో, రోమింగ్ ప్రొఫైల్స్‌కు అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపును చేర్చే పాలసీ ఉంటుంది. దాన్ని ముందే ఆన్ చేయాలి. ఇప్పటికే తయారైన ఫోల్డర్లకు అది వర్తించదు.

ప్రొఫైల్ పాత్ ఇవ్వడం

యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్‌లో యూజర్ ప్రాపర్టీస్ తెరిచి, ప్రొఫైల్ ట్యాబ్‌లో \\సర్వర్\ప్రొఫైల్స్$\%యూజర్‌నేమ్% అన్న రూపంలో పాత్ (ఫోల్డర్ ఉండే చోటు) ఇవ్వండి. ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా మీ సర్వర్, షేర్ పేర్లతో ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. పర్సెంట్ గుర్తుల నడుమ ఉన్న భాగాన్ని విండోస్ ఆ యూజర్ పేరుతో మార్చుకుంటుంది కాబట్టి, అందరినీ ఒకేసారి ఎంచుకుని ఇదే పాత్ ఇవ్వవచ్చు.

మొదటి లాగాఫ్ తర్వాత సర్వర్‌లో చూస్తే, ఫోల్డర్ పేరు చివర చుక్క, వీ6 చేరి కనిపిస్తుంది. అది విండోస్ స్వయంగా చేర్చే వెర్షన్ గుర్తు, పాత్‌లో మీరు రాయకూడదు. విండోస్ 7కు వీ2, 8.1కు వీ4, విండోస్ 10 తొలి వెర్షన్లకు వీ5, 1607 వెర్షన్ నుంచి వీ6 వస్తాయి. ఆఫీసులో ఒక మూల ఇంకా విండోస్ 7 సిస్టమ్ నడుస్తుంటే, అదే యూజర్‌కు రెండు వేర్వేరు ఫోల్డర్లు ఏర్పడతాయి, ఒకదాంట్లోని సెట్టింగులు రెండోదానిలోకి వెళ్లవు. పాత సిస్టమ్‌ను ఈ ఏర్పాటులోకి తీసుకురావడం కంటే బయట ఉంచడమే నయం.

డొమైన్‌లో చేరకముందు వాడిన లోకల్ ఖాతాలోని డెస్క్‌టాప్, ఫైళ్లు వాటంతట అవి కొత్త ప్రొఫైల్‌లోకి రావు, మీరే కాపీ చేయాలి. డొమైన్ ఖాతాతో ఇప్పటికే కొన్నాళ్లుగా పనిచేస్తున్నవాళ్ల విషయంలో, పాత్ ఇచ్చాక వాళ్లు మొదట ఏ సిస్టమ్‌లో లాగిన్ అయి లాగాఫ్ చేస్తే ఆ సిస్టమ్‌లోని ప్రొఫైలే సర్వర్‌కు వెళుతుంది. అందుకని వాళ్లు మామూలుగా వాడే సిస్టమ్‌లో ముందు అక్కరలేనివి తీసేయించి, అక్కడి నుంచే మొదటి లాగాఫ్ చేయించాలి.

ఏదైనా గ్రూప్ పాలసీని ఒక సెక్యూరిటీ గ్రూపుకే పరిమితం చేసేవాళ్లు డొమైన్ కంప్యూటర్లకు దానిని చదివే హక్కు ఇవ్వడం మరచిపోకూడదు; 2016 జూన్‌లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత ఆ హక్కు లేకుంటే యూజర్ పాలసీలు అమలు కావు. ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టములు నెట్‌వర్క్ సిద్ధం కాకముందే లాగిన్ తెర చూపిస్తాయి కాబట్టి, లాగిన్‌కు ముందు నెట్‌వర్క్ కోసం ఆగమనే పాలసీని కూడా ఆన్ చేయండి.

బరువు తగ్గించడం

ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే యాప్‌డేటా కింద లోకల్ (Local), లోకల్‌లో (LocalLow) అనే ఫోల్డర్లు మామూలుగా రోమ్ కావు. అక్కడే ఉండే రోమింగ్ అనే ఫోల్డరు, విండోస్ సెట్టింగులు నమోదయ్యే రిజిస్ట్రీ ఫైలు, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ ప్రయాణిస్తాయి. వీటిలో బరువైనవన్నిటినీ ఫోల్డర్ రీడైరెక్షన్‌తో (ఫోల్డర్‌ను సర్వర్‌కు మళ్లించే పద్ధతి) సర్వర్ మీదే ఉంచాలి. ప్రొఫైల్స్ షేర్‌తో కలపకుండా వేరే షేర్ తయారుచేసి, గ్రూప్ పాలసీలో యూజర్ కాన్ఫిగరేషన్, విండోస్ సెట్టింగ్స్ కింద ఉన్న ఫోల్డర్ రీడైరెక్షన్‌లో డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్‌ను ఆ షేర్‌కు మళ్లించండి. అక్కడ యూజర్‌కు మాత్రమే హక్కులు ఇచ్చే గడిలో టిక్ తీసేస్తే అడ్మినిస్ట్రేటర్‌కు ప్రవేశం మిగులుతుంది. మళ్లించిన ఫోల్డర్ నేరుగా సర్వర్ మీదే తెరుచుకుంటుంది కాబట్టి లాగిన్‌లో కాపీ అయ్యే పని ఉండదు.

డౌన్‌లోడ్స్‌ను మరవకండి. క్లయింట్లు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వాట్సాప్‌లో పంపుతారు, అవన్నీ అందులోనే పేరుకుంటాయి. రోమింగ్ నుంచి కొన్ని ఫోల్డర్లను మినహాయించే పాలసీ ఒకటి ఉంది గాని, దాంతో డౌన్‌లోడ్స్‌ను వదిలేస్తే ఆ ఫైళ్లు ఒక్క సిస్టమ్‌కే పరిమితమై, మనం మొదలుపెట్టిన ఇబ్బంది మళ్లీ వస్తుంది. దాన్ని కూడా సర్వర్‌కు మళ్లించడమే మేలు. మినహాయింపును యాప్‌డేటా రోమింగ్‌లో పెరిగిపోయే క్యాష్ ఫోల్డర్లకు వాడండి.

అవుట్‌లుక్‌లో పీఓపీ పద్ధతిలో మెయిల్‌ను సిస్టమ్‌లోకి దించుకుని వాడేవాళ్ల పీఎస్‌టీ ఫైలు (మెయిళ్లన్నీ ఉండే ఫైలు) డాక్యుమెంట్స్‌లో ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్ మీద తెరిచి వాడడాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు, ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ మెయిల్‌ను, మెయిళ్లు మెయిల్ సర్వర్‌లోనే ఉండే ఐఎంఏపీ పద్ధతికి మార్చడమే సరైన మార్గం. క్రోమ్ బుక్‌మార్కులు యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్‌లో ఉంటాయి కనుక వెంట రావు. ట్యాలీ డేటాను ఎవరి ప్రొఫైల్‌లోనూ పెట్టకుండా సర్వర్‌లో విడి షేర్‌లో ఉంచాలి.

తెలుగులో పనిచేసే ఆఫీసులకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఫాంట్ల సంగతి. తెలుగు కీబోర్డు ఎంపిక రిజిస్ట్రీలో ఉంటుంది కాబట్టి యూజర్ వెంట వస్తుంది. ఫాంట్లు రావు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంట్ ఫైలును మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే అది ఆ యూజర్ లోకల్ ఫోల్డర్‌లోకి వెళుతుంది, అంటే రోమ్ కాదు. అను ఫాంట్లతో చేసిన పాత లెటర్‌హెడ్ పక్క సిస్టమ్‌లో అర్థం కాని గుర్తులుగా కనిపించడానికి ఇదే కారణం. ప్రతి సిస్టమ్‌లోనూ రైట్ క్లిక్ చేసి, అందరు యూజర్లకూ ఇన్‌స్టాల్ చేసే ఎంపికను వాడండి. గౌతమి, వాణి ఫాంట్లను తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఆప్షనల్ ఫీచర్‌గా చేర్చుకోవాలి.

కరెంటు పోయినప్పుడు

ప్రొఫైల్‌లోని మార్పులు లాగాఫ్ సమయంలోనే సర్వర్‌కు చేరతాయి కాబట్టి, మధ్యలో కరెంటు పోతే ఆ రోజు సెట్టింగులు ఆ సిస్టమ్‌లోనే ఉండిపోతాయి. లాగిన్‌లో ఉండగానే రిజిస్ట్రీ ఫైలును సర్వర్‌కు పంపే పాలసీ ఆన్ చేస్తే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. సర్వర్‌కు యూపీఎస్ పెట్టినవాళ్లు స్విచ్‌ను మామూలు ప్లగ్గులో ఉంచేస్తారు. స్విచ్ ఆగిపోతే సర్వర్ నడుస్తున్నా దాన్ని చేరే దారి ఉండదు, తెరిచి ఉన్న ఎక్సెల్ ఫైలు సేవ్ కాదు. రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి.

సాయంత్రం సిస్టమ్‌ను లాక్ చేసి వెళ్లిపోయే అలవాటును కూడా మాన్పించాలి. ఒకే యూజర్ రెండు చోట్ల లాగిన్‌లో ఉంటే, రిజిస్ట్రీ సెట్టింగుల్లో ఏ సిస్టమ్‌లో చివర లాగాఫ్ చేస్తే అక్కడివే నిలుస్తాయి, ముందు లాగాఫ్ చేసిన చోటి మార్పులు చెరిగిపోతాయి.

సరిగా నడుస్తోందో లేదో చూడడం

ముందు ఒక్క పరీక్షా ఖాతాతో రెండు సిస్టములలో లాగిన్, లాగాఫ్ చేసి చూడండి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద యూజర్ ప్రొఫైల్స్ తెరిస్తే, ఆ ఖాతాకు ఎదురుగా రకం రోమింగ్ అని, పక్కనే సైజు కనిపిస్తాయి. రీడైరెక్షన్ సరిగా పనిచేస్తే ఆ సైజు కొన్ని వందల మెగాబైట్ల లోపే ఉంటుంది.

చిక్కు వస్తే ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో యూజర్ ప్రొఫైల్ సర్వీస్ నమోదుల ఈవెంట్ నంబర్లు చూడండి. 1521 వస్తే సర్వర్‌లోని కాపీ దొరకలేదని అర్థం, డీఎన్ఎస్, షేర్ పర్మిషన్లు చూడాలి. 1530 వస్తే లాగాఫ్ సమయంలో ఏదో ప్రోగ్రాం రిజిస్ట్రీని పట్టుకుని ఉందని అర్థం. 1511 వస్తే యూజర్ తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉన్నాడు. లాగాఫ్ చేయగానే అందులో దాచుకున్నదంతా పోతుంది కాబట్టి పని ఆపించి, సేవ్ చేసుకున్న ఫైళ్లను ముందు సర్వర్‌కు కాపీ చేయించండి. చాలాసార్లు దీనికి కారణం, స్థలం కోసం ఎవరో సీ డ్రైవ్‌లోని యూజర్ ఫోల్డర్‌ను నేరుగా డిలీట్ చేయడమే. ఫోల్డర్ పోయినా రిజిస్ట్రీలోని ప్రొఫైల్‌లిస్ట్ అనే జాబితాలో ఆ యూజర్ నమోదు మిగిలిపోతుంది. పాత ప్రొఫైల్ తీసేయాలంటే పైన చెప్పిన యూజర్ ప్రొఫైల్స్ కిటికీలో ఆ ఖాతాను ఎంచుకుని డిలీట్ నొక్కాలి. అప్పుడు ఫోల్డర్, నమోదు రెండూ కలిసి పోతాయి, తర్వాతి లాగిన్‌లో సర్వర్ నుంచి ప్రొఫైల్ కొత్తగా దిగుతుంది.