కాస్తా చిత్రాలను చూసే పద్ధతి

స్పెయిన్ ఏలుబడిలో న్యూ స్పెయిన్ అని పిలిచిన మెక్సికోలో, 18వ శతాబ్దపు చిత్రకారులు వేర్వేరు జాతుల తండ్రి, తల్లి, వారి బిడ్డలను ఒకే పటంలో చూపుతూ, ఎవరికెవరు పుడితే ఆ బిడ్డను ఏమని పిలవాలో పటం మీదే రాసేవారు. కాస్తా చిత్రాలంటే ఇవే. ఇవి సాధారణంగా 16 పటాల వరుసగా ఉంటాయి కాబట్టి, ఒంటరిగా ఒక పటం ఎదురైతే ముందుగా దాని మీద అంకె ఉందేమో వెతకాలి. అంకె పెరిగేకొద్దీ కుటుంబం హోదా దిగజారుతుంది.

తరువాత రాతను చదవాలి. స్పానిష్ పురుషుడికీ స్థానిక అమెరికా ఆదివాసీ స్త్రీకీ పుట్టిన బిడ్డ మెస్తిసో. మెస్తిసోకూ స్పానిష్ వ్యక్తికీ పుట్టిన బిడ్డ కాస్తిసో. ఆ కాస్తిసో మళ్లీ స్పానిష్ వారితోనే జతకడితే పుట్టే బిడ్డ స్పానిష్ కిందే లెక్క. ఆఫ్రికన్ పూర్వీకులున్న వంశానికి మాత్రం ఈ దారి మూసేశారు. ఎన్ని తరాలు గడిచినా 'తోర్నా అత్రాస్', అంటే 'వెనక్కి మళ్లినది', అనే పేరుతో బిడ్డను మళ్లీ కిందికే లాగుతారు. ఈ చిత్రాల అసలు పక్షపాతం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చివరి పేర్లలో 'నో తె ఎంతియెందో', అంటే 'నువ్వు నాకు అర్థం కావు', అన్నది కూడా ఉంది; లెక్క కట్టినవాడే చేతులెత్తేశాడన్నమాట.

ముఖాల కంటే బట్టల మీద ఎక్కువసేపు చూపు నిలపాలి. మిగెల్ కాబ్రెరా 1763లో గీసిన వరుసలో మొదటి కుటుంబం అద్దకపు బట్టల దుకాణం ముందు, ఖరీదైన దుస్తుల్లో నిలబడి ఉంటుంది. కింది మెట్లకు వచ్చేసరికి చిరుగులు మొదలవుతాయి. ఆండ్రెస్ దె ఇస్లాస్ 1774లో గీసిన వరుసలోని నాలుగో పటం ఇంకా కటువైనది: వంటింట్లో నల్లజాతి స్త్రీ స్పానిష్ పురుషుడి జుట్టు పట్టుకుని వంటసామానుతో కొట్టబోతుంటే, కూతురు ఆమె పావడా పట్టి లాగుతుంటుంది. పై కుటుంబాల్లో శాంతి, ఇక్కడ జగడం. ఈ పంపకం చిత్రకారుడు కావాలని చేసినదే.

చివరగా, పటాన్ని చర్చి రిజిస్టర్లతో పోల్చి చూడాలి. పటాల్లోని పేర్లలో చాలావరకు ఆ పుస్తకాల్లో అరుదుగానే కనిపిస్తాయి. పైగా ఒకే మనిషిని ఒక పత్రంలో ఒక రకంగా, మరో పత్రంలో ఇంకో రకంగా నమోదు చేసిన సందర్భాలూ ఉన్నాయి.